ముప్ఫై పక్కన రెండు గీతలు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అలవాటు కొద్దీ అందరం అని రాశాను గానీ, ఇంట్లో ఉన్నది అమ్మా నేనూ ఇద్దరమే. మీరు అక్కడ కులాసాయేనా అని అడగక్కర్లేదు. పేపర్లో మీ బొమ్మ చూశాను, బుగ్గలు వచ్చాయి. పొగడ్తలు ఒంటికి బాగా పట్టినట్టున్నాయి.

మీ ఉత్తరం అందింది. రోజూ ఫోన్లో మాట్లాడే మనిషి ఉత్తరం రాశాడేమిటా అనుకున్నాను. చదివాక అర్థమైంది. ఫోన్లో అయితే పక్కన అమ్మ వింటుంది. నేనూ ఉత్తరమే రాస్తున్నాను, కారణం వేరు. ఫోన్లో అయితే మీరు మధ్యలో అడ్డొస్తారు, గొంతు బొంగురు చేస్తారు, నేను కరిగిపోతాను. కాగితం మీద ఆ ఇబ్బంది లేదు. తలుపు వేసుకుని తీరిగ్గా చదవండి. అడిగినవాటికి అన్నింటికీ జవాబులున్నాయి, కాకపోతే మీరు అడిగిన వరసలో కాదు.

బూడిదరంగు కోటు ఇస్త్రీ చేయించి పార్సిల్ వేశాను. కుడి చంక దగ్గర కుట్టు ఊడితే నేనే రెండు పోట్లు వేశాను. అది గట్టి పని కాదు. వేదిక మీద చెయ్యి మరీ పైకెత్తకండి.

స్టూడియో నడుస్తోంది. నాన్న లేరని రావడం మానేసినవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు, నాన్న లేరని జాలిపడి వస్తున్నవాళ్ళు అంతకంటే ఎక్కువ ఉన్నారు. మొన్న ఒకాయన పాస్‌పోర్టు ఫోటో తీయించుకుని, "ఇది నేను కాదమ్మా, మా అన్నయ్య" అని దెబ్బలాడాడు. నాన్నయితే "అయితే మీ అన్నయ్యనే ఊరికి పంపండి" అని ఉండేవారు. నేను మళ్ళీ తీసి ఇచ్చాను. రెండోసారి కూడా అన్నయ్యే వచ్చాడు.

నల్ల అద్దం పంపమన్నారు. అక్కడ ప్రదర్శనలో కుర్రకారుకి పాఠం చెప్పాలట, పట్టపగలు షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచి జనాన్ని పొగలాగా తీయడం ఎలాగో. మీకంటే బాగా చెప్పేవాళ్ళు ఎవరున్నారు? లెన్సు ముందు అది బిగించకపోతే అంత ఎండకి ఫోటో సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది, నిజమే. కానీ గాజు వస్తువు, పార్సిల్లో పగిలిపోతుందని భయం. అందుకని పంపడం లేదు, నేనే తెస్తాను. ఎప్పుడు, ఎందుకు అనేది చివర్లో చెబుతాను.

అత్తయ్య ఎలా ఉన్నారని అడిగారు. తింటోంది. పెడితే తింటోంది. మధ్యాహ్నం పూట కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, మీకు పోటీలో బహుమతి తెచ్చిన నాన్న ఆఖరి ఫోటో, పేపర్లోంచి కత్తిరించినది, ఒళ్ళో పెట్టుకుని, నాన్న భూతద్దంతో చూస్తూ కూర్చుంటుంది. నేను ఆ ఫోటో వంక చూడలేదని మీకు తెలుసు. పోయిన తండ్రిని మెట్ల మీద అలా చూసే ధైర్యం నాకు లేదు. చూడమని మీరూ ఎప్పుడూ బలవంతపెట్టలేదు. అది మీ మంచితనం అనుకున్నాను. అమ్మ మాత్రం చూసీ చూసీ ఒకటే అడిగేది.

"ఏమే, ఆయన కుడిచెయ్యి ఏదే?"

"ఒళ్ళో పెట్టుకుని ఉంటారమ్మా."

"ఒళ్ళో ఉన్నది ఎడమచెయ్యి. నాకు కళ్ళున్నాయి. ముఖం ఉంది, కళ్ళజోడు ఉంది, చొక్కా గుండీలు కూడా ఉన్నాయి. కుడిచెయ్యి మోచేతి దగ్గర్నుంచి లేదు. చుట్టూ ఈ పొగ ఏమిటి?"

ఈ ప్రశ్న మీకు ఫోన్లో చెబితే, "పేపరువాళ్ళ అచ్చు అలాగే ఏడుస్తుంది, నీడ పడి ఉంటుందని చెప్పు" అన్నారు. చెప్పాను. నమ్మలేదు. ఇన్నేళ్ళు ఫోటోగ్రాఫరుతో కాపురం చేసిన మనిషికి నీడ ఏదో, లేని చెయ్యి ఏదో తెలియదా? ఇక పేపర్లో మీ బొమ్మ కింద ఆ విమర్శకుడెవరో రాశాడు చూడండి, "శరీరం ఇంకా కూర్చుని ఉండగానే చెయ్యి గాలిలో కలిసిపోయింది, ప్రాణం వెళ్ళే దారి ఇదేనేమో" అని. అది చదివి అమ్మ భూతద్దం పక్కన పెట్టేసింది. "చదువుకున్నవాడే, చెయ్యి పోతే సంతోషిస్తున్నాడేమిటే" అంది.

అమ్మ బాధ ఆ చెయ్యి ఒక్కటే అయితే నేను ఇంత రాసేదాన్ని కాదు. ఆ రోజు మీరు నల్ల అద్దం ఇంట్లో మర్చిపోయి వెళ్ళారు. "అల్లుడు మర్చిపోయాడు, ఎండలో నిలబడి ఉంటాడు, కాస్త ఇచ్చి రండి" అని నాన్నని పంపింది అమ్మే. ఆయన మార్కెట్ మెట్లన్నీ ఎక్కి, పైన స్టాండు పెట్టుకుని నిలబడిన మీ చేతిలో అద్దం పెట్టి, దిగి వస్తూ సగంలో కూలబడ్డారు. ఆసుపత్రిలో డాక్టరు "కాస్త ముందు తెస్తే బాగుండేది" అన్నాడు. ఆ కాస్త ఎక్కడ పోయిందా అని అమ్మ వెతుక్కుంటూనే ఉంది. చివరికి తన దగ్గరే దొరికింది. "నేనే పంపాను. నేనే చంపుకున్నాను" అని గోడకి చెప్పుకుంటుంది. మీరు ఈ మాట ఎన్నిసార్లు విన్నారో గుర్తుందా? తల దించుకుని, "అలా అనకండి అత్తయ్యా" అనేవారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. మాట మింగేశారని నాకు తోచలేదు, దుఃఖం అనుకున్నాను.

ఇక అసలు సంగతి. పోటీవాళ్ళు అసలు ఫైలు అడిగారని రాశారు. బహుమతి ఇచ్చే ముందు, ఎక్కడా మార్పులు చేయలేదని చూసుకోవడానికి, ఆ ఫోటోతో పాటు కెమెరా కార్డులో దాని ముందుదీ వెనకదీ కూడా పంపాలట. గడువులోగా అందకపోతే బహుమతి రద్దట. మంచి నియమం. ఎవరో తెలివైనవాళ్ళు పెట్టి ఉంటారు. దాని కింద మీరు నాకు రాసినది మళ్ళీ మీకే రాస్తున్నాను, మర్చిపోయి ఉంటే గుర్తు చేసుకోండి. "ముందుది పంపు. వెనకది కదిలిపోయింది, దేనికీ పనికిరాదు. కార్డులోంచి తీసేసి, ఇదే ఆఖరిదని రాసెయ్యి. నువ్వు తెరిచి చూడకు. మామయ్యగారిని అలా చూసి తట్టుకోలేవు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. మీరు "మూడూ పంపెయ్" అని ఒక్క ముక్క రాసి ఉంటే, కళ్ళు మూసుకుని పంపేసేదాన్ని. నాకు ఏ అనుమానమూ లేదు. కదిలిపోయిన ఫోటో చూస్తే నేనెందుకు తట్టుకోలేను? కదిలిపోయినవి చూసీ చూసీ కదా నా కళ్ళు ఇలా అయ్యాయి.

కార్డు తీసి, ఆ రోజు మీరు వాడిన నాన్న పాత కెమెరాలోనే పెట్టి చూశాను. కొత్తది కొనుక్కుని వెళ్ళారు కాబట్టి పాతది ఇంట్లోనే ఉంది.

మీరు ఈ ఇంటికి వచ్చిన కొత్తల్లో ఒక పెళ్ళి పాడు చేశారు, జ్ఞాపకం ఉందా? అప్పటికి మీరు అల్లుడు కాదు, నాన్నని మాస్టారూ అని పిలుస్తూ ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నారు. మంటపంలో స్టాండు మీద కెమెరా పెట్టి, ముప్ఫై పెట్టమంటే ముప్ఫయ్యే పెట్టారు, కాకపోతే పక్కన రెండు చిన్న గీతలు ఉన్న ముప్ఫై. హడావిడిగా తిరిగే మనుషుల మీద షట్టరు అంతసేపు తెరిచి ఉంటే ఏమవుతుంది? పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఆవిరైపోయారు. వెనక పేర్చిన కుర్చీలు మాత్రం కళకళలాడుతూ వచ్చాయి. "కుర్చీలకి పెళ్ళి చేశావు కదరా!" అని నాన్న నవ్వలేక చచ్చారు. ఆ రోజు నుంచి మీకు "రెండు గీతలు" అని పేరు పెట్టారు. పెళ్ళయ్యాక కూడా "ఏమోయ్ రెండు గీతలూ" అనే పిలిచేవారు. భోజనాల దగ్గర ఆ పాఠం ఎన్నిసార్లు చెప్పారో! "గీతలు లేని ముప్ఫై అంటే సెకనులో ముప్ఫయ్యో వంతు. గీతలున్న ముప్ఫై అంటే ముప్ఫై సెకన్లు. మొదటిది రెప్ప వేసేంత సేపు. రెండోది మనిషి మనసు మార్చుకునేంత సేపు." కూర వడ్డిస్తూ అమ్మ కూడా ఆ పాఠం నేర్చేసుకుంది.

అందుకే, నాన్న పోయిన రోజుల్లో అమ్మ మిమ్మల్ని అడిగింది. "ఆ ఫోటో ఎంతలో తీశావు బాబూ?"

"ముప్ఫై, అత్తయ్యా" అన్నారు మీరు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ముప్ఫయ్యో వంతు. రెప్పపాటు. పాపం, అంతలో వాడు మాత్రం ఏం చేస్తాడు" అని నాకు చెప్పింది. పక్కింటావిడ అడిగి ఉంటే, ముప్ఫై అనగానే సెకన్లు అనుకుని ఉండేది. ఏమీ తెలియని ఆవిడకి నిజం తెలిసిపోయేది. ముప్ఫై అనగానే రెప్పపాటు అని పొరబడాలంటే ఫోటోగ్రాఫరు పెళ్ళామే అయ్యుండాలి. మీరు అబద్ధం ఆడలేదండీ. అంకె సరిగ్గానే చెప్పారు. గీతలు మాత్రం మింగేశారు.

కెమెరా వెనక తెర మీద ఆ ఫోటో వచ్చింది. కింద అంకె ఉంది, పక్కన గీతలూ ఉన్నాయి. జనమంతా పొగ. నడుమ నాన్న, మెడ తిప్పి పైకి చూస్తూ. మెట్టంత నిశ్చలంగా ఉన్నారు. కుడిచెయ్యి లేదు. దాని చోట గాలిలో సున్నపు మరక లాంటిది, విసనకర్ర వెడల్పున. నేను ఈ పనిలో పుట్టి పెరిగిన దాన్ని. కుర్చీలు ఎందుకు మిగులుతాయో, పెళ్ళికూతుళ్ళు ఎందుకు ఆవిరవుతారో నాకు తెలుసు. కదలనిది మిగులుతుంది, కదిలేది పోతుంది. ఆ చెయ్యి షట్టరు తెరిచినప్పటి నుంచి మూసేదాకా ఆగకుండా ఊగుతూనే ఉంది. మిమ్మల్ని పిలుస్తూ.

బై చెబుతున్నారనుకున్నాను అంటారేమో. అనండి, వింటాను. ఎవరైనా అంతసేపు బై చెబుతారా? చిన్నపిల్లలు కూడా చెప్పరు. కెమెరాలోంచి చూస్తున్నాను, సరిగ్గా కనపడలేదు అని కూడా అనకండి. నల్ల అద్దం బిగించాక కెమెరాలో చీకటి తప్ప ఏమీ కనపడదు. షట్టరు తెరుచుకుని ఉన్నంతసేపు మరీను. మీరు పక్కన నిలబడి, వట్టి కళ్ళతో చూశారు. కదలని మనిషి ఒక్కడు దొరికాడని చూశారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అని ఊరికే అనలేదు.

తరవాతది తెరిచాను. మీరు చూడవద్దన్నది.

అది కదిలిపోలేదండీ. ఈ స్టూడియోలో అంత నిలకడైన ఫోటో ఇంతకు ముందు ఎవరూ తీయలేదు. అదే అంకె, అవే గీతలు. అవే మెట్లు, అదే పొగ. నాన్న తల గోడకి ఆనించి ఉంది. కుడిచెయ్యి దొరికింది. పక్క మెట్టు మీద ఉంది, అరచెయ్యి పైకి తెరిచి. అయిదు వేళ్ళూ, ఉంగరం వేలి మీద కెమికల్ మచ్చ కూడా కనబడుతోంది. ఇక ఊగే పని లేదు కాబట్టి అంత స్పష్టంగా పడింది.

ఆ రెండింటి మధ్య ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు, కానీ చెబుతాను. అంతసేపు తెరిచిన షట్టరు మూసుకున్నాక, మన పాత కెమెరా ఫోటో శుభ్రం చేసుకోవడానికి మళ్ళీ అంతసేపూ తీసుకుంటుంది. ఎర్ర దీపం వెలుగుతూ ఉంటుంది. బటన్ నొక్కినా పలకదు. ఆ సమయంలో ఫోటోగ్రాఫరుకి పనేమీ ఉండదు. నాన్న అయితే అప్పుడు చుట్ట వెలిగించుకునేవారు. మీకు చుట్ట అలవాటు లేదు. మరేం చేశారు? కెమెరా కూడా ఇక చాలు అంది, వెళ్ళు అంది. మీరు దీపం ఆరేదాకా నిలబడి, మళ్ళీ నొక్కారు.

మెట్ల కింద గొడుగులు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను. రెండో ఫోటోలో నాన్న పక్కన ఎవరో వంగినట్టు పల్చటి నీడ ఉంది. సగంలో వచ్చి కూర్చున్నవాళ్ళు అలాగే సగం సగం పడతారు కదా. అడిగితే ఆయనే. చేతిలో గొడుగు ఊచ తిప్పుతూ చెప్పాడు.

"పెద్దాయన చెయ్యి ఊపుతుంటే నన్నే పిలుస్తున్నాడనుకున్నానమ్మా. తీరా చూస్తే పైకి చూస్తున్నాడు. పైన ఆయన మనిషి ఎవరో ఉన్నాడు, దిగి వస్తాడులే అని కుట్టు ముడి వేసుకుంటూ కూర్చున్నా. ఎంతకీ రాకపోతే నేనే లేచా. అప్పటికే చెయ్యి పడిపోయింది."

"తరవాత ఆయన వచ్చాడా?" అన్నాను.

"వచ్చాడమ్మా. పాపం, చాలా ఏడ్చాడు. తానే ఎత్తుకుని మోశాడు" అన్నాడు. మిమ్మల్ని వెనకేసుకొచ్చాడు. ఆయన మంచివాడు. మీరు ఉన్నారు కదా అని ఆగిపోయినందుకు ఇప్పుడు ఆయన కూడా బాధపడుతున్నాడు. మీ మూలంగా బాధపడేవాళ్ళ సంఖ్య పెరుగుతోంది, ఏడవడం మాత్రం మీ ఒక్కరికే కలిసొచ్చింది.

కార్డులోంచి ఆ రెండోది మీరు ఎందుకు తీసేయలేదా అని ఆలోచించాను. మీరు ఊరు వెళ్ళే ముందు ఎన్నిసార్లు ఆ కార్డు పట్టుకోలేదు? భయంతో మర్చిపోయారనుకున్నాను మొదట. కాదు. ఫోటోగా అది కూడా బాగుంది. అందుకే మీ చేతులు రాలేదు. నా చేత తీయిద్దామనుకున్నారు.

అమ్మకి చూపించాలా వద్దా అని మథనపడ్డాను అని రాస్తే నేను మంచిదాన్ని అవుతాను. కానీ మథనపడలేదు. కెమెరా తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాను. "చెయ్యి దొరికిందమ్మా" అన్నాను.

అమ్మ తెర మీద ఆ చేతి పైన వేలు పెట్టింది. "హమ్మయ్య, ఉంది" అంది. కొంచెంసేపు అలాగే నిమిరింది. తరవాత, మీ కోసం అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను, ఇలా అడిగింది.

"అంకె ఎంత?"

"ముప్ఫై."

"గీతలున్నాయా?"

నేను తెర ఆవిడ కళ్ళ దగ్గరికి జరిపాను. ఆవిడే భూతద్దం తెప్పించుకుని చూసుకుంది. రెండు ఫోటోలూ చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లేచి స్టూడియోలోకి నడిచి, పాస్‌పోర్టు ఫోటోల స్టూలు మీద కూర్చుని, "అది ఎంతసేపో నాకు చూపించు. కెమెరా పెట్టు" అంది.

పెట్టాను. లైట్లు తగ్గించి, స్టాండు బిగించి, ఆ అంకే పెట్టాను, గీతలతో. షట్టరు టక్కున తెరుచుకుంది. అమ్మ కుడిచెయ్యి పైకెత్తి ఊపడం మొదలుపెట్టింది. ముందు కొంచెం నవ్వుతూ ఊపింది, పరాచికం ఆడుతున్నట్టు. తరవాత నవ్వు పోయింది. భుజం నొప్పెట్టింది, ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుంది. అయినా ఊపుతూనే ఉంది. "ఇంకా కాలేదా?" అంది. కాలేదన్నాను. "ఇంకానా?" అంది. నేను అక్కడే, ఆవిడకి రెండడుగుల దూరంలో, కెమెరా పక్కన నిలబడి చూస్తున్నాను. వెళ్ళి ఆ చెయ్యి పట్టుకోవాలని నా కాళ్ళు ఎంత లాగాయో మీకు చెప్పలేను. అప్పుడు తెలిసింది, మీరు నిలబడడానికి ఎంత కష్టపడి ఉంటారో. టక్కున మూసుకుంది. అమ్మ చెయ్యి ఒళ్ళో పడింది.

"అమ్మో, చాలాసేపే" అంది. తరవాత అంది, "అయితే నేను పంపడం వల్ల కాదన్నమాట."

ఈ ఒక్క మాట ఆవిడ చేత అనిపించడానికి మీకు ఎన్ని అవకాశాలు వచ్చాయి? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళు ఉంటారు. మీరు చెట్టుని నరికి, నరికింది అత్తయ్యే అని ఆవిడని నమ్మనిచ్చి, కాయలమ్ముకున్నారు. దీనికి సామెత లేదు. ఇంతవరకు ఎవరికీ అవసరం పడలేదేమో.

ఇప్పుడు నేను మీ దగ్గర దాచిన సంగతి. మీ ఉత్తరం అందిన వారంలోనే పోటీవాళ్ళకి ఫైళ్ళు పంపేశాను. మూడూ పంపాను, వెనకదానితో సహా. ఒక్క చుక్క మార్చలేదు. మంచి మనసుతో పంపలేదు, నిజాయితీతో కూడా కాదు. మీ పేరు కొట్టేస్తారని, పేపర్లో వేస్తారని, మీరు తేలు కుట్టిన దొంగలాగా కిక్కురుమనకుండా ఇంటికి వస్తారని ఆశపడి పంపాను. ఆ వారమంతా నాకు హాయిగా నిద్రపట్టింది. అంత హాయి ఉంటుందని మీరు నాకు ముందే చెప్పి ఉండాల్సింది, మీకు అనుభవం ఉంది కదా.

జవాబు వచ్చింది. వాళ్ళ కార్యదర్శి స్వయంగా ఫోన్ చేశాడు, చాలా మర్యాదస్తుడు. ఫైళ్ళలో ఎక్కడా మార్పులు లేవని, షట్టరు వివరాలన్నీ సరిగ్గా నమోదై ఉన్నాయని, అభినందనలని చెప్పాడు. నేను ఉండబట్టలేక, "రెండోది చూశారా? అందులో ఆయన చెయ్యి చూశారా?" అన్నాను. "చూశామమ్మా. అద్భుతం. మొదటిదాని పక్కన పెడితే ఇంకా బలంగా ఉంది. మీకు అభ్యంతరం లేకపోతే రెండూ కలిపి పెడతాం" అన్నాడు. అభ్యంతరం లేదన్నాను. మీ బహుమతి భద్రంగా ఉంది. ఇక మీదట నేను దేనినీ బయటపెట్టి మిమ్మల్ని ఏమీ చేయలేను, ఎందుకంటే అన్నీ బయటే ఉన్నాయి, గోడకి తగిలించి, చుట్టూ చట్రం కట్టి, కింద అంకె అచ్చు వేసి. గీతలతో సహా వేయమని నేనే చెప్పాను.

ఆఖరి ప్రశ్న. అత్తయ్యని కూడా తీసుకురా, బహుమతి ఆవిడ చేతుల మీదుగా ఇప్పించాలని వాళ్ళ కోరిక అన్నారు. అమ్మకి చెప్పాను. వద్దంటుందనుకున్నాను. "వస్తాను" అంది. కానీ వేదిక ఎక్కదట. మోకాళ్ళ నొప్పులని చెప్పమంది. ముందు వరసలో కూర్చుంటుంది. మీరు పైన నిలబడి ఉంటారు. మీ పేరు పిలిచి, జనం చప్పట్లు కొట్టడం ఆపాక, అమ్మ కుడిచెయ్యి పైకెత్తి మీ వైపు ఊపుతుంది. రోజూ సాయంత్రం ఆ చెయ్యి ఎత్తి అలవాటు చేసుకుంటోంది, నేను భుజానికి మందు రాస్తున్నాను.

నేను పక్కనే ఉంటాను. పాత కెమెరా తెస్తున్నాను, నల్ల అద్దం కూడా. ముప్ఫై పెడతాను, రెండు గీతలతో. ముప్ఫై అని చూపించే కెమెరా నిజానికి ముప్ఫై రెండు తీసుకుంటుందని, అది కూరగాయలవాళ్ళు వేసే కొసరు లాంటిదని నాన్న చెప్పేవారు. ఆ కొసరు కూడా మీకే. వేదికకి మెట్లు తక్కువే ఉంటాయట, కార్యదర్శిని కనుక్కున్నాను.

ఈసారైనా దిగి రండి.

ఇట్లు,
మీ మాస్టారి కూతురు